చివరి మూరెడు

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇనుప సామాను కొట్టు. మేకులు, గొళ్లేలు, తలుపు బందులు, తూకానికి అమ్మే తీగచుట్టలు. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లించి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, గల్లాపెట్టెకు దణ్ణం పెట్టుకుని కూర్చుంటారు యజమాని. పదకొండు గంటల ప్రాంతంలో పోస్టుమ్యాన్ వస్తాడు. ఈ మధ్య ఒక పూట ఆ కొట్టులో కూర్చునే అవకాశం దొరికింది. ఆ రోజు టపాలో వచ్చినవి ఏడు.

నాలుగు మూలలా పసుపు అద్దిన శుభలేఖను ముందుగా తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, ముహూర్తం చదివి, క్యాలెండరులో ఆ తేదీ చూసుకున్నారు. తర్వాత కిటికీ కాగితం ఉన్న బ్యాంకు కవరు. మొహం కొంచెం బిగిసింది, కానీ తెరిచారు. మున్సిపాలిటీ వాళ్ల ఖాకీ రంగు కవరును బోణీ అయ్యాక చూద్దామని తూకపురాళ్ల కింద పెట్టారు. ఒక కార్డు ముక్కను నిలబడే చదివేశారు. మిగిలిన మూడూ నున్నటి కాగితంతో, రంగుల బొమ్మలతో వచ్చిన కవర్లు. వాటిని చేతిలోకి తీసుకున్నదీ లేదు, చింపిందీ లేదు. గుమాస్తా కుర్రాడు వాటిని తీసి పాత పేపర్ల కట్ట మీద వేశాడు. రేపో మాపో మేకులు పొట్లం కట్టడానికి పనికొస్తాయి.

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని మన పిల్లలు ఉత్తరం మీద పొడుపుకథ చెప్పుకునేవారు. తొంభై ఆమడలు ఎగిరొచ్చిన ఆ పిట్ట గల్లాపెట్టె దగ్గర చివరి మూరెడు దాటలేకపోతోంది. ఆ మూడు కవర్లలో రెండు ఊళ్లోవాళ్లు పంపినవే. ఒకటి పక్క వీధిలో కొత్తగా పెట్టిన ప్రింటింగ్ ప్రెస్సుది, ఇంకొకటి జీఎస్టీ లెక్కలు చూసిపెట్టే ఓ యువకుడిది. అప్పు తెచ్చి యంత్రం కొన్నవాళ్లు, చదువు ముగించి సొంతంగా నిలబడాలనుకున్నవాళ్లు, ఊళ్లో వర్తకులకు తమ సంగతి తెలియాలని పంపుకున్న ఉత్తరాలు. పోగులో పడ్డ ఆ కవర్ల వెనక కూడా ఒక గల్లాపెట్టె ఉంది. అందుకే ఈ విషయం చిన్నదని వదిలేయబుద్ధి కాలేదు.

మూడో కవరును మాత్రం కాసేపటికి యజమాని తనే వెనక్కి తీసుకున్నారు. సొరుగు లాగి అందులో పెట్టారు. సొరుగు నిండా అలాంటివే, ఒక్కటీ చింపలేదు. అన్నింటి మీదా ఒకటే పేరు.

"మా నాన్నగారి పేరండీ. పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు మీద వచ్చినదాన్ని చింపడానికి చెయ్యి రాదు, పారేయడానికీ మనసొప్పదు."

లైసెన్సు ఎప్పుడో తండ్రి పేరున తీసుకున్నారు. ఆ పాత జాబితా ఎక్కడెక్కడో చేతులు మారి, ఎవరో కొని, ఎవరో అచ్చు వేయించి, నెలకో రెండు నెలలకో ఒకసారి ఆ పేరు కొట్టుకు వస్తూనే ఉంది. పొందవలసినవారు లేరని కవరు మీద రాసి తిప్పి పంపవచ్చు, పోస్టాఫీసులో ఆ పద్ధతి ఉంది. ఆ మాట రాయించడానికే ఆయనకు మనసు రావడం లేదు. పోనీ పంపినవారికి ఫోన్ చేసి చెబుదామంటే కవరు పైన నంబరు లేదు, లోపల ఉంటుంది. లోపల చూడాలంటే చింపాలి.

ఎవరూ కావాలని చేసింది కాదు ఇది. కానీ అవతల ఒక మనిషి ఉన్నాడనే ఊహ లేకుండా పంపితే ఉత్తరం ఎంత దూరం పోయి తగులుతుందో ఆ సొరుగు చూశాక అర్థమైంది. ఉత్తరాలు ఎవరూ తెరవడం లేదని బాధపడేవారు కవరు రంగు, కాగితం మందం, మీద ముద్రించే మాటల గురించే ఎక్కువగా ఆలోచిస్తారు. అవన్నీ తర్వాతి సంగతులు. ముందు పేరు. ఇప్పుడు ఆ కొట్టులో కూర్చుంటున్నది ఎవరు, ఆయన్ను ఆ బజారు ఏమని పిలుస్తుంది, ఇంటిపేరు ఎలా రాస్తారు? ఇవి తెలుసుకోవడానికి జాబితా కొననక్కరలేదు. ఒక సాయంత్రం ఆ వీధి చివరిదాకా నడిచి, బోర్డులు చూసి, ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే చాలు. ఉత్తరం రాసేవాడూ అందుకునేవాడూ ఒకే ఊళ్లో ఉన్నప్పుడు ఈ పని చేయకపోవడానికి సాకు లేదు.

పేరు తెలిశాక దాన్ని చేత్తో రాయాలి, అదీ తెలుగులో. తన పేరును మనిషి దస్తూరీలో చూసుకున్నవాడు ఆ కవరును వెంటనే పోగులో వేయడు. ఎవరు రాశారా అని ఒక్క క్షణం ఆగుతాడు. రెండు వందల అడ్రసులు రాయడం ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. మామూలు కవరుకు ఐదు రూపాయల బిళ్ల లెక్కన రెండు వందలకూ వెయ్యి రూపాయలు. పేరూ ఊరూ లేని కరపత్రాలను పేటంతా పంచిపెట్టే డైరెక్ట్ పోస్ట్ సేవ కూడా తపాలా శాఖకు ఉంది. కొత్త హోటలు తెరిచినప్పుడు, బట్టల షాపులో తగ్గింపు ధరలు పెట్టినప్పుడు అది మంచిదే. కానీ ఒక వర్తకుణ్ణి మీతో కలిసి వ్యాపారం చేయమని అడుగుతూ ఆయన పేరైనా రాయకపోవడం ఏం మర్యాద?

ఇప్పుడు ఆ కార్డు ముక్క సంగతి. యజమాని దాన్ని నిలబడే చదివారని చెప్పాను కదా, చదివి గోడనున్న ఉత్తరాల తీగకు గుచ్చారు కూడా. అడిగితే తీసి చూపించారు. రాసింది కాటాలు బాగుచేసే మెకానిక్. నీలం బాల్‌పెన్ను, కొంచెం కుడివైపుకు వాలే అక్షరాలు. పేరు పెట్టి గారు అని సంబోధించి, నమస్కారం చెప్పి, మీ ఎలక్ట్రానిక్ కాటాకు వేసిన ముద్ర గడువు వచ్చే నెల ఫలానా తేదీతో ముగుస్తుంది, కబురు చేస్తే ముందే వచ్చి తూకం సరిచూసి పెడతాను, అంతే. కింద పేరు, ఫోన్ నంబరు.

ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి, తూకపురాళ్లకూ చేతి త్రాసులకూ రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖతో తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. గడువు దాటితే జరిమానా. హడావుడిలో వర్తకులు మరిచిపోయేది సరిగ్గా ఈ తేదీనే. లైసెన్సున్న ఆ మెకానిక్ తను చూసిన ప్రతి కాటా తేదీనీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాడట. ఒక నెల ముందు కార్డు వేస్తాడు. తాను ఎంత గొప్ప మెకానిక్కో అందులో ఒక్క మాట లేదు. ఉన్నదల్లా అవతలివాడి కాటా, అవతలివాడి తేదీ, అవతలివాడికి రాబోయే చిక్కు. వ్యాపార ఉత్తరాల్లో ఇంతకన్నా మంచిదాన్ని నేను చూడలేదు.

కార్డును తెరవాల్సిన పనే లేదు, అది తెరుచుకునే వస్తుంది. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. చేత్తో రాసే కార్డు ఇప్పటికీ అర్ధ రూపాయే. అచ్చు వేసిన కార్డయితే ఆరు రూపాయలు. చేతిరాతకు తపాలా శాఖ కూడా ఆ మాత్రం విలువ ఇస్తోందని అనుకుంటే తృప్తిగా ఉంటుంది. అయితే కార్డును పోస్టుమ్యానూ చదువుతాడు, గుమాస్తా కుర్రాడూ చదువుతాడు. బాకీల సంగతి, ధరల బేరాలు దాని మీద రాయకూడదు. పాతకాలం వర్తకులకు ఈ పట్టింపు గట్టిగా ఉండేది. డబ్బు మాట ఉంటే కవరులోనే రాసేవారు.

పాత తెలుగు పత్రికలు తిరగేస్తే మందులు, పుస్తకాలు, గడియారాలు అమ్మేవారి ప్రకటనలు ఎన్నో కనిపిస్తాయి. ఒక కార్డు రాయండి, వి.పి.పి.లో పంపుతామని ఉండేది. సరుకు చేతికందాక పోస్టుమ్యాన్‌కే డబ్బిచ్చే ఆ పద్ధతి 1877 నుంచే ఉంది. అక్కడ మొదటి ఉత్తరం కొనేవాడిది. అమ్మేవాడిది జవాబు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి తగ్గినవాడు తర్వాత తనే వెతుక్కుంటూ వచ్చాడు. అడగడానికి ముందు ఏదో ఒకటి ఇవ్వడం, ఇచ్చాక ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడం ఆనాటి వర్తకం తీరు. కాటా మెకానిక్ కార్డులో కనిపించింది ఆ తీరే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే రకం ఒకటుంది, దాన్ని గురించి మెత్తగా రాయడం కష్టం. సర్కారు నోటీసులా కనిపించే ఖాకీ కవరు, దాని మీద ఎర్రటి అక్షరాలతో 'అత్యవసరం', 'ఆఖరి హెచ్చరిక', ఏదో ముద్ర లాంటి బొమ్మ. గుండె దడతో చింపితే లోపల బీమా పథకమో, అప్పు ఇస్తామనే కబురో. తెరిపించడానికి ఇది బాగా పనిచేస్తుందని కొందరు సలహా కూడా ఇస్తున్నారు. ఒకసారి పనిచేస్తుంది, నిజమే. బోణీ కాకముందే ఒక మనిషిని భయపెట్టి తెరిపించుకున్న ఉత్తరం అది. ఆ మోసం బరువు తర్వాత వచ్చే ప్రతి ఉత్తరం మీదా పడుతుంది. రేపు నిజంగా మున్సిపాలిటీ నుంచి పన్ను తేదీ చెబుతూ వచ్చిన కవరు కూడా పోగులోకే పోతుంది. జరిమానా కట్టేది ఆ వర్తకుడు.

ఎప్పుడు చేరుతుందన్నదీ ముఖ్యమే. నెలలో పదకొండో తేదీ, ఇరవయ్యో తేదీ దగ్గరపడ్డాయంటే జీఎస్టీ రిటర్నుల హడావుడి. ఆ రోజుల్లో వచ్చిన కాగితాలన్నీ ఒకే కట్టగా ఆడిటరు దగ్గరికి పోతాయి. దసరా, దీపావళి ముందు వారం సరుకు దింపుకోవడానికే సరిపోదు. పండగ వెళ్లిన వారం, కొత్త లెక్కల పుస్తకం తెరిచి తీరిగ్గా కూర్చున్న మధ్యాహ్నం, ఉత్తరం చదవబుద్ధేస్తుంది. అమావాస్య నాడు కొత్త బేరం మాట ఎత్తడానికి ఇష్టపడనివారు మన బజార్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల నమ్మకాన్ని మనం పంచుకోనక్కరలేదు, గౌరవిస్తే చాలు.

లోపల ఏం రాయాలన్నదానికి మన పెద్దల ఉత్తరాలే చాలు. ఇక్కడ క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయగలరు, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి నేరుగా విషయానికి వచ్చేవారు. ఒక ఉత్తరానికి ఒకే విషయం. ప్రెస్సు పెట్టిన అబ్బాయి తనకున్న యంత్రాలన్నింటి పేర్లూ రాసేకంటే, మీ బిల్లుబుక్కుల మీద పాత ఫోన్ నంబరే ఉంది, కొత్తవి వేసేటప్పుడు మారుద్దామా అని ఒక్క వాక్యం కార్డు మీద రాసి ఉంటే ఆ ఉత్తరం గతి వేరుగా ఉండేది. ఫోన్ ఎత్తేది ఎవరో ఆ మనిషి పేరు రాయాలి. ఇకపై ఉత్తరాలు వద్దనుకుంటే చెప్పడానికి వీలుగా ఆ నంబరు కవరు పైన కూడా ఉండాలి. వద్దన్నవారికి మళ్లీ పంపకూడదు.

వాట్సాప్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఆ యజమాని ఫోన్‌లో చదవని మెసేజీలు వందల్లో ఉన్నాయి. ఆ తీగకు గుచ్చి ఉన్న కాగితాలు మాత్రం పదో పదిహేనో. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరు రాసిందో, ఎందుకు ఉంచుకున్నారో ఆయన చూడకుండానే చెప్పగలరు.

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక ఆయన ఆ కార్డు చేతిలో పట్టుకుని మెకానిక్‌కు ఫోన్ చేశారు. మంగళవారం రమ్మన్నారు. పెట్టేయబోతూ ఆగి, సొరుగు వైపు ఒకసారి చూసి అన్నారు:

"అన్నట్టు, మా నాన్నగారి చేతి త్రాసు ఒకటి అటక మీద ఉందండీ. తుప్పు పట్టి ఉంటుంది. వచ్చినప్పుడు అదీ ఒకసారి చూద్దురుగాని."