బ్యాటరీ లైటూ, మన బి.ఎస్సీ. చదువూ

ఫిజిక్సు ప్రాక్టికల్ రికార్డులో డయోడు గీత గీయకుండా బి.ఎస్సీ. దాటినవాడు మనలో ఉండడు. అడ్డంగా వోల్టేజి, నిలువుగా కరెంటు. కొంత దూరం నేలను కరచుకొని పోయిన గీత మోకాలి వంపు లాంటి చోట ఒక్కసారిగా తాటిచెట్టు మాదిరి పైకి లేస్తుంది. గ్రాఫు కాగితం అతికిస్తాం, సంతకం పెట్టించుకుంటాం, మార్కులు తెచ్చుకుంటాం. అంతటితో ఆ గీతకూ మనకూ ఋణం తీరిపోతుంది. కాని అదే గీత మన ఊళ్ళల్లో గూట్లో పెట్టుకున్న ప్రతి బ్యాటరీ లైటులోనూ ఉన్నది. దాన్ని ఖాతరు చేయకుండా తయారైన లైట్లను కొనడం వల్లనే అవి ఏడాది తిరక్కముందే పెంటదిబ్బ పాలవుతున్నాయనీ, దీన్ని సరిచేయడానికి పెద్ద ఇంజనీర్లు దిగి రానక్కరలేదు, మనబోటి బి.ఎస్సీ. విద్యార్థులు చాలుననీ నా వాదన.

పట్నవాసపు మిత్రులకు ఇది సంచికకు ఎక్కేటంత విషయంగా తోచకపోవచ్చు. సెల్‌ఫోనులోనే లైటుంది గదా అంటారు. సెల్‌ఫోను లైటు తాళంచెవి వెతుక్కోవడానికి సరిపోతుంది. సెనక్కాయ పంట చేతికొచ్చే రోజుల్లో అడవి పందుల కాపలాకు చేన్లో పడుకునేవానికీ, తడిసిన గెనిమ మీద అడుగులో అడుగు వేసి నడిచేవానికీ అది చాలదు. రాత్రిపూట త్రీఫేజు కరెంటు వదిలిన ఏళ్ళలోనైతే బోరు మోటారు వేయడానికి అర్ధరాత్రి పోని రైతు లేడు. 2000 నుండి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. వీరిలో అత్యధికులు పల్లెవాళ్ళు, అందులోనూ వానాకాలంలో పోయినవాళ్ళు. చీకట్లో కట్లపాము మీద కాలు పడటానికీ పడకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు చేతిలోని లైటే.

పాత మూడు సెల్లుల స్టీలు లైటుకు ఒక మంచి గుణం ఉండేది. అయిపోయే ముందు చెప్పేది. బల్బు ఎర్రబడుతూ, మసకబడుతూ, రెండు మూడు రోజులు సణిగి సణిగి ఆరిపోయేది. ఆలోగా అంగట్లో కొత్త సెల్లులు తెచ్చుకోవచ్చు. కాని దానికి తిండి ఎక్కువ, పని తక్కువ. టార్చి బల్బు ఒక వాటుకు పది ల్యూమెన్ల దరిదాపుల్లో వెలుగిస్తే, నేటి తెల్ల ఎల్.ఇ.డి. నూరు దాటి ఇస్తుంది. ఊరికే రాలేదు ఈ వెలుగు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్.ఇ.డి.ని వెలిగించిన తర్వాత, బాగా వెలిగే నీలం ఎల్.ఇ.డి. కోసం ముప్పై ఏళ్ళు ఆగవలసి వచ్చింది. గాలియం నైట్రైడు స్ఫటికాన్ని లొంగదీయడానికి జపానులో అకసాకి, అమానో ఒకవైపు, నకమురా ఇంకొకవైపు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. నీలం వచ్చాక దాని మీద పసుపు ఫాస్ఫరు పూత పూస్తే తెల్లవెలుగు వచ్చింది. ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంత చరిత్ర ఉన్న వస్తువు ఈనాడు చిల్లర డబ్బులకు దొరుకుతున్నది. దాన్ని వెలిగించే పద్ధతి మాత్రం పాత బల్బు కాలం దగ్గరే ఆగిపోయింది.

బల్బు తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. తనను తాను అదుపులో పెట్టుకుంటుంది. అందుకే సెల్లులు నేరుగా తగిలించినా దాని బతుకు అది బతికింది. ఎల్.ఇ.డి. స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. తెల్ల ఎల్.ఇ.డి. సుమారు 3 వోల్టుల దాకా మొద్దునిద్ర పోతుంది. ఆ పైన రెండు పాయింట్లు పెంచితే చాలు, కరెంటు ఎన్నో రెట్లవుతుంది. వేడెక్కితే ఇంకా తక్కువ వోల్టేజికే లొంగి ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది, తాగి ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి దానికి అందించవలసింది ఇన్ని వోల్టులు అని కాదు, ఇంత కరెంటు అని లెక్క వేసుకోవాలి. రెండు మామూలు సెల్లులు కలిస్తే 3 వోల్టులే. కొత్తలో కాస్త మినుకుమని తర్వాత మూలుగుతుంది. మూడైతే 4.5 వోల్టులు. చిన్న ఎల్.ఇ.డి.కి 20 మిల్లీ యాంపియర్లు, 3.2 వోల్టులు అనుకుందాం. మిగిలిన 1.3 వోల్టులను 20 మిల్లీ యాంపియర్లతో భాగిస్తే 65 ఓములు. అంగట్లో దొరికేది 68. ఒక రూపాయి రెసిస్టరు! సెల్లులు అరిగి 3.6 వోల్టులకు దిగినా ఇంకా తొమ్మిది పది మిల్లీ యాంపియర్లు పారుతూనే ఉంటాయి, వెలుగు సగమైనట్లు కంటికి తోచదు కూడా. తాళంగుత్తి లైట్లలో రెసిస్టరు లేదు గదా అని ఎవరైనా అడగవచ్చు. అందులోని నాణెం సెల్లుకు లోపలి నిరోధమే ఎక్కువ, అదే రెసిస్టరు పని చేస్తుంది.

పోయిన వేసవి సెలవుల్లో మా నాయన ఒక లైటును నా ముందు పడేసి, "ఏమ్రా, బి.ఎస్సీ. చదువుతాండావు గదా, యిది ఎందుకు చచ్చిందో చెప్పు సూద్దాం" అన్నాడు. అది విప్పాను. తర్వాత ఇరుగు పొరుగువాళ్ళు మూలన పడేసినవీ తెచ్చి ఇచ్చారు, అవీ విప్పాను. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల అందరిదీ ఒకే వంట. 4 వోల్టుల సీలు వేసిన లెడ్ ఆసిడ్ బ్యాటరీ, దానికి నేరుగానో, అందరికీ కలిపి ఒకే ఒక చిన్న రెసిస్టరుతోనో పక్కపక్కనే కట్టిన పది పన్నెండు ఎల్.ఇ.డి.లు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ముందుకు లాగితే బరువంతా దాని మెడ మీద పడినట్లు, ఈ పన్నెండింటిలో కాస్త తక్కువ వోల్టేజికి లొంగేది ఏదో దాని మీదనే ఎక్కువ కరెంటు పడుతుంది. అది మాడితే భారం తక్కినవాటి మీదికి పోతుంది.

అయినా చాలా లైట్లలో ఎల్.ఇ.డి.లు బతికే ఉన్నాయి. చచ్చింది బ్యాటరీ. ఎందుకంటే 4 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీని 3.5 వోల్టుల దగ్గర ఆపేయాలి. అంతకు దిగువకు పిండితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ ఛార్జి ఎక్కదు. తెల్ల ఎల్.ఇ.డి. 2.8 వోల్టులకు కూడా మిణుగురులాగ వెలుగుతూనే ఉంటుంది. మనిషి ఇంకా ఉందిలే అనుకుంటాడు. తక్కువ తిండితో బతకగలగడం ఎల్.ఇ.డి.కి గొప్ప గుణమే, కాని ఆ గుణమే బ్యాటరీ పాలిట శాపమైంది. దీన్ని ఆపే చిన్న కట్-ఆఫ్ సర్క్యూటు నేను విప్పిన వాటిలో దేనిలోనూ లేదు. ఛార్జింగు సంగతి మరీ అన్యాయం. ట్రాన్స్‌ఫార్మరు లేదు, ఒక కెపాసిటరు, నాలుగు డయోడులు, అంతే. నిండిన తర్వాత ఆపే ఏర్పాటు లేదు గనుక రాత్రంతా ప్లగ్గులో వదిలితే లోపలి ద్రవం ఎండిపోతుంది. అంతకన్నా భయం ఏమిటంటే, ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి ప్రతి తీగకూ ఇంటి కరెంటుతో నేరుగా సంబంధం ఉంటుంది. మూత పగిలిన అలాంటి లైటును ఛార్జింగులో ఉండగా పిల్లలు ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసిన అంకెల్ని మాత్రం చూడకూడదు. ఉదాహరణకు విడి ఎల్.ఇ.డి.ల మీద 20 వేల మిల్లీక్యాండెలా అని రాస్తారు. అది ఒక దిక్కున ఉన్న తీవ్రతే గాని మొత్తం వెలుగు కాదు. 15 డిగ్రీల ఇరుకు కోణంలో వెలిగే 20 వేల మిల్లీక్యాండెలా ఎల్.ఇ.డి. మొత్తం ఇచ్చేది ఉరమరగా ఒక్క ల్యూమెను. 120 డిగ్రీలకు పరచుకునేది 2 వేల మిల్లీక్యాండెలాదే అయినా ఆరు ల్యూమెన్ల దాకా ఇస్తుంది. ఘనకోణం సూత్రం తెలిసినవారు సంచిక మార్జినులోనే లెక్క కట్టి చూసుకోవచ్చు. చేను చివర పందిని చూడటానికి ఇరుకు వెలుగు కావాలి, కాళ్ళ ముందు పామును చూడటానికి పరచిన వెలుగు కావాలి. ఒకే లైటు రెండూ చేస్తుందని అమ్మేవాడు చెబితే నమ్మడం మన ఇష్టం. నా మటుకు పన్నెండు చిన్నవాటికన్నా అల్యూమినియం బిళ్ళ మీద కూర్చోబెట్టిన 1 వాటు ఎల్.ఇ.డి. ఒక్కటి మేలు. దానికి 350 మిల్లీ యాంపియర్లు చాలు. అందులో సగమే ఇచ్చినా సగం కన్నా ఎక్కువ వెలుగే ఇస్తుంది; ఎల్.ఇ.డి. తక్కువ కరెంటు దగ్గరే పొదుపుగా పని చేస్తుంది గనుక.

బ్యాటరీ విషయంలో నా ఓటు లిథియం ఐరన్ ఫాస్ఫేటుకు. దాని వోల్టేజి 3.2. ఛార్జి చాలాభాగం అయిపోయేదాకా ఇంచుమించు అక్కడే నిలబడుతుంది. తెల్ల ఎల్.ఇ.డి.కి దేవుడు కుదిర్చిన సంబంధం లాగుంటుంది. మామూలు లిథియం అయాన్ సెల్లులంత సులభంగా అంటుకోదు, వేయి సార్లకు పైగా ఛార్జి చేసుకోవచ్చు. 7135 అనే చిన్న చిప్పు మధ్యలో పెడితే కావలసిన వోల్టేజి ఉన్నంతవరకు 350 మిల్లీ యాంపియర్లకు మించి పోనివ్వదు. 1500 మిల్లీ యాంపియర్ అవర్ల సెల్లుతో నాలుగు గంటలు నిండు వెలుగు. పక్కన ఇంకొక స్విచ్చి పెట్టి 10 ఓముల రెసిస్టరు ద్వారా వెలిగిస్తే 50 మిల్లీ యాంపియర్ల దరిదాపుల్లో 30 గంటలు. గెనిమ మీద నడవడానికి ఆ చిన్న వెలుగే చాలు. అయితే ఈ సెల్లుకు 3.65 వోల్టుల దగ్గర ఆగే ఛార్జరే వాడాలి, సెల్‌ఫోను రకం సెల్లులకు వాడే 4.2 వోల్టులది పనికిరాదు. ఆ మామూలు లిథియం సెల్లే దొరికితే దిగువన ఆపే రక్షణ సర్క్యూటు ఉన్నదే కొనాలి. 9900 అని ముద్రించిన 18650 సెల్లులు సంతల్లో కుప్పలు పోసి అమ్ముతారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఆ గొట్టంలో పేరున్న కంపెనీలు కూడా 3500 దరిదాపుల్లోనే పట్టించగలిగాయి. నిజమైన సెల్లు 45 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. కిరాణా అంగడిలో త్రాసు ఉంటుంది, తూచి చూడవచ్చు.

రెండు వందల రూపాయల లైటుకు ఇంత శాస్త్రమా అని అంగడివాళ్ళు నవ్వుతారు. నేను చెప్పినట్లు కడితే నూరు, నూటయాభై ఎక్కువవుతుందన్న మాట నిజమే. రైతు ఆ పూటకు చేతిలో ఉన్న డబ్బును బట్టి కొంటాడన్నదీ నిజమే. మా నాయనా అట్లాగే కొంటాడు. కాని ఏటా రెండు వందలు పోసేవానికి ఎక్కువ ఖరీదు ఎవరిదో తెలియక కాదు, మంచిది ఏదో గుర్తుపట్టే దారి ఎవరూ చూపక. ఆ దారి చూపగలిగినవాళ్ళం మనం. లెడ్ ఆసిడ్ లైటు ఉన్నవాళ్ళకు కూడా వెలుగు తగ్గగానే ఆపాలని, వాడిన మరునాడే ఛార్జి పెట్టాలని, ఖాళీగా మూలన పెట్టకూడదని చెబితే అదే ఇంకో రెండు పంటలు కాస్తుంది.

కాబట్టి ఫిజిక్సు శాఖ వారికి నాదొక విన్నపం. డయోడు గీత గీయించండి, కాని ఒకసారి సిలికాన్ డయోడుతో గీయించి, రెండోసారి తెల్ల ఎల్.ఇ.డి.తో గీయించండి. ఆ గీత మీదనే 4.5 వోల్టులకు, 3.2 వోల్టులకు రెసిస్టరు లెక్క కట్టించండి. గోడ గడియారంలో అయిపోయిందని తీసేసిన సెల్లుతో ఒక ట్రాన్సిస్టరు, పాడైన సి.ఎఫ్.ఎల్. బల్బులోని ఫెరైటు రింగు, ఒక రెసిస్టరు కలిపి తెల్ల ఎల్.ఇ.డి.ని వెలిగించే జూల్ థీఫ్ సర్క్యూటు ఒకటున్నది. ఒకటిన్నర వోల్టు కూడా లేని సెల్లు 3 వోల్టుల దీపాన్ని ఎట్లా వెలిగిస్తుందో కళ్ళారా చూసినవాడు ఇండక్టరు పాఠం జన్మలో మరచిపోడు.

ఇక మన యూనియన్ వారికి. ఏటా వార్షికోత్సవపు సీరియల్ బల్బులకు పెట్టే ఖర్చులో పదో వంతు చాలు. ఒక సోల్డరింగ్ ఐరన్, రెండు మల్టీమీటర్లు, వంద రెసిస్టర్లు, కొన్ని 7135 చిప్పులు. శనివారం మధ్యాహ్నం హాస్టలు వరండాలో ఒక బల్ల వేస్తే, సెలవులకు ఊళ్ళకు పోయే మిత్రులు చచ్చిన లైట్లు తెచ్చి బాగుచేసుకొని పోతారు. చచ్చిన బ్యాటరీల సీసం చెరువు గట్టున పడకుండా చూడటం కూడా అందులో భాగమే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వాపసు తీసుకునే బాధ్యత తయారు చేసినవారిది, దిగుమతి చేసినవారిది. అవి ఒకచోట చేరితేనే గదా వాళ్ళను అడగగలం. అందుకు బల్ల పక్కన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కావాలి. డబ్బా నేను తెస్తాను.