బిడ్డల వైద్యము - బీమా వర్తకుల వగపు

సర్కారు ఉచిత వైద్యమును విస్తరించినకొలది ప్రైవేటు బీమా క్షీణించుననియు, తుదకు బిడ్డలకే నష్టమనియు చదువుకొన్న పెద్దలు కొందఱు సెలవిచ్చుచున్నారు. తార్నాకలో, విశ్వవిద్యాలయపు చెట్ల నీడను, ఈ వాదము ఇంపుగానే యుండును. ఆ పెద్దలు ఒక్కమాఱు గోల్నాక గల్లీలలో నడచి, బిడ్డల కొఱకు పాలసీ కొన్న కూలివాని యిల్లు ఒక్కటి మాకు చూపవలెనని వేడుచున్నాము. లేని సొత్తు దొంగిలింపబడెనన్న ఫిర్యాదును ఏ న్యాయస్థానమును స్వీకరింపదు.

ఈ వాదము అమెరికా సరకు. అచ్చట పేద గర్భిణులకును బిడ్డలకును మెడికెయిడ్ విస్తరింపగా, క్రొత్తగా చేరినవారిలో సుమారు సగము మేరకు ప్రైవేటు బీమా తగ్గెనని కట్లర్, గ్రూబర్ అను అర్థశాస్త్రజ్ఞులు 1996లో లెక్కగట్టిరి. ఇతరుల లెక్కలు అంతకన్న చాల తక్కువ. అయినను 1997లో బిడ్డల బీమా పథకము వచ్చినప్పుడు, ఈ భయముచేతనే పలు రాష్ట్రములు, ప్రైవేటు బీమా వదలిన బిడ్డ కొన్ని నెలలు ఏ బీమాయు లేక గడిపినగాని చేర్చుకొనమని నిబంధన పెట్టినవి. కంపెనీ ఖాతా చెడకుండుటకు బిడ్డ జ్వరముతో కాచుకొని యుండవలెనట! ఆ నిబంధనను రద్దుచేయు ఉత్తరువు 2024లో గాని రాలేదు.

అచ్చట నౌకరీతోపాటు బీమా వచ్చును. తొలగుటకు ఏదో యొకటి కలదు. ఇచ్చట 2007లో ఆరోగ్యశ్రీ పుట్టకముందు, గుండెజబ్బు బిడ్డల తల్లిదండ్రులు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు పట్టుకొని తిరిగిరి. ఆ వరుసలో బీమా కంపెనీ వారికి తోడు నిలిచిన దాఖలా మేమెరుగము. శిశువునకు తొంబది దినములు నిండినగాని చేర్చుకొనని పాలసీలు నేటికిని కలవు. ముందే యున్న జబ్బునకు మూడేండ్ల వఱకు నిరీక్షణ విధింపవచ్చునని 2024 నాటి నియమము. మఱియు ఆరోగ్యశ్రీ తొలుత నడచినది ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే, సర్కారు చెల్లించిన ప్రీమియముతోనే. గెంటివేయబడితినని మొఱపెట్టువాడు విందు పంక్తిలో ముందు కూర్చున్నవాడే!

కార్డు వచ్చినదని పాలసీ మానుకొన్న చిరుద్యోగి ఉండవచ్చును, కాదనము. మిగిలిన ప్రీమియము బిడ్డ పాలకో బడికో పోయినచో నష్టపోయినదెవరు?

సర్కారు మీద మాకు గల అభియోగము వేఱు. 2023 డిసెంబరులో తెలంగాణమున ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిరి. కాని బిడ్డకు తఱచుగా వచ్చునది గుండె శస్త్రచికిత్స కాదు. జ్వరము, దగ్గు, విరేచనములు. వీనికి డాక్టరు ఫీజును, మందుల వెలయు తండ్రి జేబునుండియే పోవుచున్నవి. 2018 నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి, మంచిదే. కూలి ముగించుకొని తల్లి బిడ్డనెత్తుకొని వచ్చువేళకు తలుపులు మూసియుండును. పెద్ద జబ్బుల మాటయో, బకాయిలు చెల్లలేదని 2025లో ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసినవి. అంకె పెంచుట సులభము, బిల్లు చెల్లించుట కష్టము కాబోలు.

బీమా వర్తకులను ఓదార్చుట మాని, ఆసుపత్రుల బిల్లులు గడువులో చెల్లింపుడు. దవాఖానాలను రాత్రి తొమ్మిది గంటల వఱకు తెఱచి యుంచుడు.