తూటా గదికో బ్రష్

1967 మే నెల. అమెరికాలోని న్యూజెర్సీలో ఓ స్థానిక పత్రిక ఒక ఉత్తరాన్ని అచ్చువేసింది. వియత్నాం యుద్ధంలో ఉన్న ఓ మెరైన్ సైనికుడు ఇంటికి రాసుకున్న ఉత్తరమది. కొండ మీద జరిగిన పోరులో చనిపోయిన తోటివాళ్ల పక్కన విప్పదీసిన తుపాకులు పడి ఉన్నాయన్నది దాని సారాంశం. అంటే, శత్రువు ఎదురుగా కాలుస్తుంటే వాళ్లు మొరాయించిన తుపాకీని బాగుచేసుకుంటూ ప్రాణాలు వదిలారన్నమాట! చదివినవాళ్ల గుండె కలుక్కుమంది. ఆ ఉత్తరం అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్లింది.

ఆ తుపాకీ పేరు ఎం-16. అప్పటికది సరికొత్త ఆయుధం. తేలిక. వేగంగా కాలుస్తుంది. కానీ వియత్నాం అడవుల్లో, ఆ తేమలో, ఆ బురదలో పదేపదే ఒకే చోట ఇరుక్కుపోయేది. పేలిన తూటా తాలూకు ఖాళీ గుల్ల బయటికి వచ్చేది కాదు. గొట్టం ముందు నుంచి కడ్డీ దూర్చి, దాన్ని వెనక్కి పొడిచి తీయాల్సి వచ్చేది. యుద్ధం మధ్యలో అంత తీరిక ఎవరికుంటుంది?

ఎందుకిలా జరిగిందని కాంగ్రెస్ ఉపసంఘం ఆరా తీసింది. 1967 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. కారణం ఒక్కటి కాదు. తూటాలో వాడే మందును మార్చారు. ఆ మార్పుతో తుపాకీ వేగం పెరిగింది, లోపల మసి కూడా ఎక్కువైంది. తుప్పు పట్టకుండా ఛాంబర్‌కు క్రోమ్ పూత వేయలేదు. వీటన్నిటికీ తోడు ఈ తుపాకీకి పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న ప్రచారం ఒకటి! దాంతో కడ్డీలు, బ్రష్‌లు సైనికులకు సరిపడా అందలేదు. వాడటంలో శిక్షణా అంతంతమాత్రమే.

ఆ తరవాత కళ్లు తెరిచారు. ఛాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది. శుభ్రం చేసుకునే సరంజామా సైనికుడి చేతికి అందింది. 1968లో అమెరికా సైన్యం ఈ తుపాకీ సంరక్షణ మీద ఓ చిన్న పుస్తకం వేసింది. విచిత్రమేమిటంటే అది బొమ్మల పుస్తకం! కామిక్స్ ప్రపంచంలో పేరు మోసిన విల్ ఐస్నర్ దానికి బొమ్మలు వేశాడు. లావుపాటి మాన్యువల్‌ను పక్కన పడేసే కుర్రాళ్లు కూడా దాన్ని తిరగేస్తారని ఆలోచన.

ఇంతకీ ఏమిటా ఛాంబర్? దానికో ప్రత్యేకమైన బ్రష్ ఎందుకు?

సీసా ఒకటే, మెడ వేరు

పిల్లల పాలసీసా కడిగే అమ్మకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. సీసా మెడలో సరిపోయే సన్నటి బ్రష్ పొట్టలో తిప్పితే గోడలకు తగలదు. రైఫిల్ కూడా అంతే. గుండు దూసుకెళ్లే పొడుగాటి గొట్టం సన్నగా ఉంటుంది. దాని వెనక చివర, పేలబోయే తూటా కూర్చునే చిన్న గది ఉంటుంది. అదే ఛాంబర్. ఎం-16లో, మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్‌లో పట్టే తూటానే తీసుకోండి. గుండు మందం 5.7 మిల్లీమీటర్లు. తూటా గుల్ల అడుగుభాగం మాత్రం 9.6 మిల్లీమీటర్లు. అంటే గొట్టానికి సరిపోయే బ్రష్ ఛాంబర్‌లోకి వెళ్తే గాల్లో ఈదులాడుతుంది తప్ప మసిని తాకదు. పైగా ఆ గది అంతా ఒకే మందంలో ఉండదు. వెనక వెడల్పు, ముందుకెళ్తే భుజంలాంటి వంపు, ఆపైన సన్నటి మెడ. అందుకే ఛాంబర్ బ్రష్‌ను కూడా ఆ ఆకారంలోనే, వెనక లావుగా ముందు సన్నగా చేస్తారు.

ఇక ఆ గదిలో జరిగే పని చూడండి. మందు పేలగానే లోపలి ఒత్తిడికి తూటా గుల్ల ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. దానివల్లే వేడి వాయువు వెనక్కి తన్నదు. కాల్చేవాడి ముఖం భద్రంగా ఉంటుంది. మరుక్షణం గుల్ల కాస్త ముడుచుకుంటుంది. అప్పుడే కొక్కెం దాన్ని పట్టుకుని బయటికి లాగుతుంది. గోడ నున్నగా ఉంటే ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. గోడ మీద మసి పేరుకున్నా, తుప్పు గరుకు ఉన్నా గుల్ల అక్కడే బిగుసుకుపోతుంది. కొక్కెం గుల్ల అంచును చీల్చుకుని ఖాళీగా వెనక్కి వస్తుంది. వియత్నాంలో జరిగింది అదే.

బ్రష్ కన్నా ముందు

తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలిందన్న వార్త పేపర్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి ప్రతి వార్త వెనకా ఒకే మాట ఉంటుంది... ‘ఖాళీగానే ఉందనుకున్నాం’. కాబట్టి బ్రష్ ఏది కొనాలన్న ప్రశ్న కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. గొట్టాన్ని మనిషి లేని దిక్కుకు తిప్పి పెట్టాలి. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు. ముందు మ్యాగజైన్ తీసేయాలి, ఆ తరవాతే బోల్టు తెరవాలి. ఈ వరస తప్పితే ప్రమాదం. మ్యాగజైన్ ఉంచి బోల్టు ఆడిస్తే ఒక తూటా బయటపడుతుంది, ఇంకొకటి లోపలికి వెళ్లి కూర్చుంటుంది! తెరిచాక ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. చిటికెన వేలితో తడిమి చూడాలి. బోల్టు ఊడివచ్చే రైఫిలైతే దాన్ని తీసి పక్కన పెట్టడం మరీ మంచిది. బోల్టు లేని రైఫిల్ పేలదు.

తూటాలు వేరే గదిలో, తాళంలో ఉండాలి. శుభ్రం చేసే బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. మధ్యలో ఫోన్ మోగితే వెళ్లి మాట్లాడి రావచ్చు. అయితే ఇంట్లో ఎవరో ఒక పెద్ద మనిషి దాని దగ్గర ఉండాలి. తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి తనిఖీ. ఇందాకే చూశానుగా అనుకోవడం కూడదు.

కంచా, నైలానా, స్టీలా?

దుకాణంలో బ్రష్‌లు రకరకాలుగా ఉంటాయి. వాటిని ఎంచుకోవడానికి ఒకటే సూత్రం... తోమేది మసికన్నా గట్టిగా ఉండాలి, తుపాకీ ఉక్కుకన్నా మెత్తగా ఉండాలి. నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు పీచు వాడమని ఏ ఇల్లాలూ చెప్పదు. ఇక్కడా అంతే.

ఎక్కువమంది వాడేది కంచు తీగల బ్రష్. ఫాస్ఫర్ బ్రాంజ్ అని పెట్టె మీద రాసి ఉంటుంది. మొండి మసిని వదిలిస్తుంది, ఉక్కును గీకదు. దీనికో చిన్న చిక్కుంది. రాగి మరకల్ని కరిగించే అమ్మోనియా ద్రావణాల్లో ముంచితే కంచు కూడా కరుగుతుంది. గుడ్డకు నీలిపచ్చ రంగు అంటుతుంది. అది గొట్టంలోని మురికే అనుకుని గంటల తరబడి తోమేవాళ్లున్నారు! తోముతున్నది బ్రష్‌నే అని వాళ్లకు తెలియదు.

అలాంటి ద్రావణాలు వాడేటప్పుడు నైలాన్ బ్రష్ మేలు. అది కరగదు, రంగు వదలదు. రోజువారీ తేలికపాటి శుభ్రానికి సరిపోతుంది. గట్టిపడిన మసి దగ్గర మాత్రం దాని శక్తి చాలదు.

స్టెయిన్‌లెస్ స్టీలు తీగల బ్రష్‌తోనే జాగ్రత్త. బాగా తోముతుంది నిజమే. కానీ ఛాంబర్ నుంచి గొట్టం మొదలయ్యే చోటు చాలా సున్నితం. గుండు గురి అక్కడే మొదలవుతుంది. అక్కడ పడిన గీత మళ్లీ పూడదు. తయారీదారు చేతిపుస్తకం ఫలానా బ్రష్ వాడమని చెబితే తప్ప ఇంట్లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

తీగలే కాదు, నడిమి కాడ కూడా చూడాలి. కొన్ని బ్రష్‌లకు కాడ మెలితిప్పిన ఉక్కు తీగ. దాని కొస ముందుకు పొడుచుకుని వస్తుంది. లోపలికి తోసినప్పుడు గీకేది అదే. ఇత్తడి కాడతో, కొస ముడిచి ఉన్న బ్రష్ దొరికితే అదే తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం సైజు. పెట్టె మీద ఉన్న తూటా పేరు, రైఫిల్ మీద చెక్కి ఉన్న తూటా పేరు ఒకటే అయ్యుండాలి. దగ్గర దగ్గరగా ఉందిలే అని కొంటే బ్రష్ ఇరుక్కోనైనా ఇరుక్కుంటుంది, వదులుగానైనా ఉంటుంది.

తిప్పేదెటు?

ఛాంబర్ బ్రష్ వెనక నుంచే వెళ్లాలి. ద్రావణం రెండు చుక్కలు చాలు. మెల్లగా తోసి, గడియారం ముళ్లు తిరిగే దిక్కున తిప్పాలి. ఎదురు తిప్పితే బ్రష్ మర ఊడి లోపలే ఉండిపోతుంది. చేతి బలం చాలు. త్వరగా అవుతుందని డ్రిల్లింగ్ మెషీన్‌కు తగిలించేవాళ్లూ ఉంటారు. ఒక్క నిమిషం ఆదా చేయబోయి ఛాంబర్ కొలతే చెడగొట్టుకుంటారు. బ్రష్ బయటికి వచ్చేటప్పుడు తీగలు చిటుక్కున విచ్చుకుని ద్రావణం చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం మరిచిపోకూడదు.

గొట్టం బ్రష్ సంగతి వేరు. ఏ రోటికాడ ఆ పాట. అది వెనక నుంచి బయల్దేరి ముందు నుంచి పూర్తిగా బయటికి రావాలి. మధ్యలో వెనక్కి లాగితే తీగలు మడతపడి ఇరుక్కుంటాయి.

తోమడం అయ్యాక అసలు పని ఉంది. పొడి గుడ్డతో ఛాంబర్‌ను ఆరేదాకా తుడవాలి. తుప్పు పట్టకూడదని నూనె దట్టంగా పూసి వదిలేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. పేలినప్పుడు గుల్ల గోడను పట్టుకోవాలని చెప్పుకొన్నాం కదా! నూనె ఉంటే ఆ పట్టు జారుతుంది. ఆ దెబ్బంతా వెనకున్న బోల్టు మీద పడుతుంది. చాలాకాలం దాచిపెట్టే రైఫిలైతే పల్చటి నూనె పూత ఉంచవచ్చు. మళ్లీ కాల్చే ముందు మాత్రం దాన్ని తుడిచేయాల్సిందే. గొట్టంలో గుడ్డముక్క మిగిలిపోలేదని వెలుతురుకు పట్టి చూడాల్సిందే. అడ్డం ఉన్న గొట్టంలోంచి కాలిస్తే అది పగిలిపోవచ్చు.

చిందీ ముక్క నేర్పిన పాఠం

మన ఊళ్లలో చాలామంది రైఫిల్‌ను దగ్గర్నుంచి చూసింది ఎన్‌సీసీలోనే. 1948లో మొదలైన ఆ సంస్థలో తరాల తరబడి కుర్రకారు ‘పుల్‌త్రూ’ తాడుకు చిందీ ముక్క కట్టి గొట్టంలోంచి లాగారు. ఇప్పటికీ తాతయ్యలు చెబుతుంటారు, పరేడ్ అయ్యాక హవల్దారు గొట్టంలోకి చూసి మచ్చ కనిపిస్తే మళ్లీ లాగించేవాడని. అది కోపం కాదు, అనుభవం. పాత త్రీనాట్‌త్రీ కాలంలో చాలా తూటాల్లో మందు అంటించే రసాయనం ఉప్పులాంటి పదార్థాన్ని మిగిల్చేది. అది గాల్లో తేమను పీల్చుకుని తుప్పు పట్టించేది. నూనెకు ఆ ఉప్పు కరగదు. అందుకే అప్పట్లో గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తరవాతే నూనె రాసేవారు.

ఇప్పుడు కాలం మారింది. షూటింగ్ ఆటగా ఇళ్లలోకి వచ్చింది. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చాక పిల్లల్ని రేంజ్‌కు తీసుకెళ్లే అమ్మానాన్నలకు ఉత్సాహం ఇంకాస్త పెరిగింది. ఆ పోటీలో వాడేది పాయింట్ టూటూ రైఫిల్. దాని ఛాంబర్ చిన్నది. అయినా దాని ముందు అంచున నల్లటి మసి ఉంగరంలా పేరుకుంటుంది. కాబట్టి దానికీ సరిపోయే బ్రష్ కావాలి. పిల్లలు మొదట నేర్చుకునే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు మాత్రం లోహపు బ్రష్ అసలు వద్దు. దానిలో మందు పేలదు, మసి ఉండదు. మెత్తటి ఫెల్ట్ గుళ్లు చాలు. పిల్లవాడి రైఫిల్‌ను కోచ్ చూపించిన పద్ధతిలోనే తుడవాలి తప్ప ఎవరో చెప్పిన చిట్కాలతో కాదు.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ మసిలో సీసం ఉంటుంది. పిల్లల ఒంటికి అది విషం. కాబట్టి ఆ పని అన్నం తినే బల్ల మీద వద్దు, వంటింటి సింకులో బ్రష్ కడగడం వద్దు. కిటికీలు తెరిచి, పాత పేపర్ పరిచి, అయ్యాక దాన్ని చుట్టి పారేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ బ్రష్‌లకు వేరే డబ్బా ఉండాలి. ఆ డబ్బా పిల్లలకు అందకూడదు.

ఇంత చేసినా గుల్ల పదేపదే ఇరుక్కుంటుంటే, ఛాంబర్‌లో గుంటలు కనిపిస్తే ఇక బ్రష్ పని అయిపోయినట్టే. ఇంకా గట్టి బ్రష్ కోసం వెతకడం కాదు, కాల్చడం ఆపేసి లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారుకు చూపించాలి.

తుపాకీ పేలాల్సిన చోట పేలడం ఎంత ముఖ్యమో, పేలకూడని చోట పేలకపోవడం అంతకన్నా ముఖ్యం. మొదటిది బ్రష్ చూసుకుంటుంది. రెండోది బ్రష్ పట్టుకున్న చెయ్యే చూసుకోవాలి.