మోసే భుజాలు, చూసే కళ్ళు



తుపాను వచ్చినప్పుడల్లా, వరద ముంచెత్తినప్పుడల్లా మన విద్యావంతుల నోట ఒక మాట తప్పక వినబడుతుంది: "అంతా సైన్యానికి అప్పగించెయ్యాలండీ! ఈ గుమాస్తాలెందుకు, ఈ స్వచ్ఛంద సంస్థలెందుకు?" ఈ మాట నాకు మింగుడుపడదు. జవానుల సాహసం మీద గౌరవం లేక కాదు. మోయడం వేరు, పంచడం వేరు అన్న వివేకం అందులో లోపించినందుకు.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. రాజధాని విమానాశ్రయానికి ఉన్నది ఒకే ఒక రన్‌వే. దానిని మళ్ళీ నడిపించినది అమెరికా సైన్యమే. అది ఘనకార్యమే, కాదనను. కాని ఏ విమానం ముందు దిగాలి అనే నిర్ణయమూ వారి చేతిలోనే పడింది. 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ పంపిన ఆసుపత్రి సామగ్రి విమానాన్ని దిగనివ్వక పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌కు మళ్ళించారు. ఆ సామగ్రి రోడ్డు మార్గాన రావలసి వచ్చింది. శిథిలాల నుండి తీసిన క్షతగాత్రునికి ఒక్క రోజు ఆలస్యమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇక మన ఇంటి సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహార పొట్లాలు అందించాయి. సంతోషమే. కాని ఆకాశం నుండి పడే పొట్లం మేడ ఎక్కగలిగిన వానిదే. మంచం పట్టిన ముసలమ్మ ఏ గదిలో ఉన్నదో, ఇన్సులిన్ ఎవరికి అయిపోయిందో పైలట్‌కు కనబడదు. అది ఆ వీధి ఆశా కార్యకర్తకు తెలుసు, పక్కింటివారికి తెలుసు.

2018 ఆగస్టులో కేరళ వరదలను తలచుకోండి. త్రివిధ దళాలూ దిగాయి. అయినా మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకొని వచ్చి వేలాది ప్రాణాలు కాపాడారు. వారు సైన్యానికి పోటీగా రాలేదు. సైన్యం చేయి చాలనిచోట చేయందించారు.

"ఇద్దరు పెద్దలైతే పని చెడుతుంది" అంటారా? నిజమే, అందుకే పెద్ద ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరు పౌరపాలన కావాలి. 1994 నాటి ఓస్లో మార్గదర్శకాలు చెప్పినదిదే: విదేశీ సైనిక వనరులను పౌర వనరులు చాలనప్పుడే, పౌరాధికార నిర్దేశంలోనే వాడాలని. మన దేశంలోనూ సైన్యం వచ్చేది పౌరాధికారులకు సాయంగానే.

స్వచ్ఛంద సంస్థలకూ ఒక మాట. యూనిఫాం కనబడితే ముఖం తిప్పుకోవడం యుద్ధభూమిలో తటస్థత కావచ్చు. కృష్ణా వరదలో అది కేవలం భేషజం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మానాలి. తుపాను కాలానికి ముందే ప్రతి జిల్లా కలెక్టరూ సైనికాధికారులను, సంస్థలవారిని, పడవల యజమానులను ఒక్కచోట కూర్చోబెట్టాలి. సరుకు ఎవరు దించాలి, ఎవరు పంచాలి, అశక్తుల జాబితా ఎవరి వద్ద ఉండాలి అన్నవి నాడే తేలాలి.

అంతా సైన్యమే చూసుకోవాలనేవారు ఆ ముసలమ్మ గది తలుపు ఎవరు తడతారో ముందు చెప్పి, ఆ పైన నాతో వాదించండి.