బట్టీయం మబ్బులకెక్కింది

తెలుగు పండితునికి క్లౌడ్ కంప్యూటింగుతో ఏమి పని అని నవ్వకండి. పని పడింది గనుకనే ఈ టపా.

మా మనుమడు అమీర్‌పేటలో ఒక శిక్షణాలయంలో చేరి, అమెజాన్ వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష నెగ్గాడు. 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 720 వస్తే ఉత్తీర్ణత. ఇంటిల్లిపాదీ సంతోషించాము. వాడు చదివినది పాఠం కాదని, 'డంపు' అని తరువాత తెలిసింది. అనగా పరీక్ష వ్రాసివచ్చిన వారి నుండి పోగుచేసి అమ్మే ప్రశ్నలూ జవాబులూ! ఇది నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే యోగ్యతాపత్రమే రద్దు కావచ్చు.

ఇంటర్వ్యూలో అడిగినది చిన్న ప్రశ్న: "సమాచారాన్ని రెండు అవైలబిలిటీ జోన్లలో ఎందుకు ఉంచాలి?" ఉంచాలని వాడికి తెలుసు, ఎందుకో తెలియదు. ఒకచోట కరెంటు పోయినా, వరద వచ్చినా రెండవచోట పని సాగడానికి. పొలం దస్తావేజు నకలు అన్నగారింట దాచే రైతుకు తెలిసిన సంగతే కదా ఇది!

తరువాత ప్రోగ్రామింగు. కొన్ని సంఖ్యలిచ్చి, ఏ రెండు కలిపితే కోరిన మొత్తం వస్తుందో కనుగొనమనడం ప్రసిద్ధమైన ప్రశ్న. లీట్‌కోడ్‌లో మొదటిది అదే. ప్రతి జతనూ కలిపి చూస్తే 10,000 సంఖ్యలకు దాదాపు 5 కోట్ల జతలు. చూసిన సంఖ్యలను హాష్ టేబుల్‌లో ఉంచుకుంటూ పోతే ఒక్కమారు నడిస్తే చాలు. మావాడు గడగడ వ్రాశాడు. "సంఖ్యలు ముందే ఆరోహణక్రమంలో ఉంటే ఆ టేబుల్ అవసరమా?" అనగానే నోరు పెగలలేదు. మొదటినుండి ఒక వేలు, చివరినుండి ఒక వేలు జరుపుకుంటూ వస్తే సరిపోతుందట. ఇంటికి వచ్చి ఆలోచించి వాడే చెప్పాడు.

ధారణ లేనిదే విద్య లేదని మీరనవచ్చు. శబ్దాలూ ఎక్కాలూ వల్లె వేయించినవాడిని, నేను కాదంటానా? అయితే అవధాని ధారణ చేసేది తాను అల్లిన పద్యాన్ని. ఎవరో అమ్మిన పద్యాన్ని కాదు.

ఈ నేరంలో నాకూ వాటా ఉంది. పదవ తరగతి పిల్లలకు 'ముఖ్యమైన ప్రశ్నలు' గీతలు గీసి ఇచ్చినది నేనే. 'మేనల్లుడు' అనగానే అత్వసంధి అని అరిచేవారు. పుస్తకంలో లేని పదమిస్తే బిక్కమొగం వేసేవారు. అయినా మార్కులు వేసి పంపాను. అమీర్‌పేట నా తరగతి గదికి కొనసాగింపే.

కనుక పరీక్షించేవారికి నా మనవి: జవాబు అడగకండి, కారణం అడగండి, ఒక్క షరతు మార్చి అడగండి. పిల్లలకు చెప్పేది: చిన్న సర్వరు ఒకటి నిలిపి, కావాలని ఆపి, ఏమవుతుందో కళ్ళారా చూడండి. ఆ యోగ్యతాపత్రం ఆయువు 3 ఏళ్ళే. అర్థమైన విద్యకు గడువు లేదు.

మావాడు మళ్ళీ మొదటి పాఠం నుండి మొదలుపెట్టాడు. మీలో ఈ రంగంలోని వారు చాలామంది ఉన్నారు. పొరబడితే దిద్దండి, ఒప్పనిపిస్తే మీ ఇంటి పిల్లలకు చెప్పండి.