కోడి రామమూర్తినాయుడుగారి కీర్తి: ఒక సవరణ

గత సంవత్సరపు క్రీడాదినోత్సవమున నేను చేసిన ప్రసంగమును గూర్చి ఈ సంచికలో నొక సవరణ చేసికొనవలసియున్నది. ఉపాధ్యాయుడు తన మాటను తానే దిద్దుకొనుట శోభస్కరము కాదని కొందరు మిత్రులు హెచ్చరించిరి. నల్లబల్లపై తప్పు వ్రాసినపుడు తుడిచి వ్రాయుచునే యున్నాము గదా, వేదికపై పలికిన తప్పునకు వేరొక ధర్మమేల?

ఆ దినమున నేను కోడి రామమూర్తినాయుడుగారి చరిత్ర చెప్పితిని. మన సముద్రతీరపు బాటమీద ఆయన విగ్రహమును చూడని బాలుడు ఈ పాఠశాలలో లేడు. ఏనుగును ఱొమ్ముపై నడిపించుకొనెననియు, ఉక్కు గొలుసులను ఊపిరి బిగించి తెంచెననియు, రెండు మోటారు కారులను ఇరుప్రక్కల నిలిపివేసెననియు, ఱొమ్ముపై బండరాయి నుంచి సమ్మెటలతో పగులగొట్టించుకొనెననియు చెప్పితిని. అంతటితో నాగితినా? స్పెయినుదేశమున నొక మదించిన యెద్దును కొమ్ములు పట్టి కూలద్రోసెననియు, ప్రపంచమున నాయన కెదురు నిలిచిన మల్లుడే లేడనియు గూడ పలికితిని. బాలురు కరతాళధ్వనులు చేసిరి. నాకును సంతోషమే కలిగెను.

పదునైదు దినములు గడచిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలు డొకడు సాయంకాలమున ఇసుకతిన్నెమీద వెల్లకిల పరుండి ఱొమ్ముపై నాపరాతి పలక నొకటి పెట్టుకొని, స్నేహితునిచేత సమ్మెటతో కొట్టించుకొనెను. రాయి పగిలినది, వానికి రెండు ప్రక్కటెముకలు చిట్లినవి. వైద్యశాలలో నన్ను చూచి ఆ బాలుడు నిందింపలేదు. “మాస్టారూ, మీరు చెప్పినట్లే చేసితిమి. భయముచేత రాయి మాత్రము పలుచనిదే తెచ్చితిమి” అనెను. భౌతికశాస్త్రము బోధించువాడనైన నాకు ఆ మాట శూలమువలె తగిలినది. రాయి పలుచనిదగుటయే వాని యెముకలు చిట్లుటకు కారణము.

ఇంతలో పదవ తరగతివారు వేరొక వివాదమున దిగిరి. వారి విచారణ బ్రూస్ లీని గూర్చి. ఆయన నిజముగా యుద్ధవిద్యాప్రవీణుడా, లేక వెండితెరమీది వీరుడా? ఒక పక్షమువా రాయనను ఓడించువాడు పుట్టలేదనిరి. రెండవ పక్షమువారు, “అయిన మీ రామమూర్తిగారును సర్కసువారే గదా” అని నావంక చూచిరి. బాలుర ప్రశ్నలో న్యాయమున్నది. కీర్తి యనునది ఒకే మూటగా కట్టి యిచ్చు వస్తువు కాదు. దేనివలన వచ్చినదో, దేనికి చెల్లునో విడదీసి చూడవలెను. నా ప్రసంగమున నేను చేయనిది సరిగా నదియే.

రామమూర్తిగారు 1882 ప్రాంతమున వీరఘట్టమున జన్మించిరి. అది నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగి విజయనగరమున ఉన్నతపాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిరి. ఈ యుద్యోగమును జనులు తలచుకొనుట అరుదు. నాకు మాత్ర మది విలువైన సంగతిగా తోచును. తరువాత సర్కసు స్థాపించి దేశమంతట తిరిగిరి. ఉత్తరదేశమువారు ఆయనను ‘ప్రొఫెసర్ రామమూర్తి’ యనిరి. మనవారు ‘కలియుగ భీము’డనిరి. 1942లో స్వర్గస్థులైరి. చిన్ననాట కుస్తీపట్లు నేర్చినవారే యైనను ఆయనకు లోకప్రసిద్ధి తెచ్చినది గోదా కాదు, డేరా.

ఇప్పు డాయన ప్రదర్శనములను ఒక్కొక్కటిగా చూతము. ముందుగా నాకు సిగ్గు కలిగించిన రాయి. మూడు కిలోల సమ్మెట సెకనుకు ఆరు మీటరుల వేగముతో దిగినదనుకొనుడు. క్రింద తొంబది కిలోల బండ యున్నచో, దెబ్బతో నది సెకనుకు ఐదవవంతు మీటరైనను కదలదు. ఆరు కిలోల పలక యున్నచో రెండు మీటరుల వేగముతో క్రిందికి దూకును. అనగా ఱొమ్మునకు చేరు వేగము పదిరెట్లు. దెబ్బలోని శక్తి యధికభాగము బరువైన రాతిలోనే యణగి, దానిని పగులగొట్టుటయందే వ్యయమగును. పలుచని రాయి ఆ శక్తిని క్రిందివానికే యప్పగించును. కాబట్టి చూపరులకు భయంకరముగా కనబడు పెద్దబండయే సమ్మెటకు డాలువంటిది. అయితే ఆ తొంబది కిలోలను ఱొమ్ముపై మోసి ఊపిరి నిలుపుకొనువా డెవడు? అచ్చటనే రామమూర్తిగారి బలము ప్రవేశించుచున్నది. సమ్మెట దెబ్బ ప్రేక్షకుల కొరకు; బండ బరువు ఆయన కొరకు.

రెండు కారుల సంగతియు నిట్టిదే. ఒక్క కారును వెనుకకు లాగి నిలుపుటకంటె, ఎదురెదురు దిక్కులకు పోవు రెండు కారులను నిలుపుట ఒకవిధముగా సులభమని చెప్పిన మీరు నవ్వుదురు. కాగితముపై బాణపుగుర్తులు గీచి చూడుడు. ఒక్క కారు లాగునపుడు మనుష్యుని పాదములు నేలను పట్టి నిలువవలెను, లేనిచో జారిపోవును. రెండు కారులు చెరియొకవైపు లాగునపుడు ఆ రెండు బలములు ఒకదానినొకటి రద్దుచేసికొనును. పాదములకు పనియే లేదు. అప్పుడు మిగిలిన పరీక్ష యంతయు పిడికిళ్లకు, మోచేతులకు, భుజములకు. కారులు నిలిచియున్న చోటినుండి బయలుదేరవలెను గాని పరుగెత్తివచ్చి లాగరాదు. పరుగెత్తివచ్చినచో భీముడైనను నిలువలేడు. ఇది మోసము కాదు, ప్రదర్శనశాస్త్రము. ఈ నియమములన్నియు పాటించినను మీ భుజములుగాని నా భుజములుగాని కీలు తప్పక మానవు.

ఏనుగునకు చెక్కబల్ల యుండును. జంతువు బల్లమీదుగా నడచునపుడు దాని భారము కొంత నేలకును, కొంత మనుష్యునికిని పోవును. బల్ల పొడవునుబట్టి, అది మోపిన చోటునుబట్టి వాటాలు మారును. మనుష్యుని వాటాకు వచ్చినది వెడల్పుగా పరచుకొనును, పాదము మోపినంతమేర గ్రుచ్చుకొనదు. ఊపిరి నిండుగ పీల్చి కంఠము బిగించినచో ఱొమ్ము గాలి నింపిన చక్రమువలె గట్టిపడును. ఇవన్నియు చెప్పినను ఆ కొద్ది క్షణములు క్రిందనుండుటకు ఏండ్ల తరబడి చేసిన సాధన కావలెను. గొలుసు విషయమున నొక్కమాట: అన్ని లంకెలు తెగనక్కరలేదు, ఒక్కటి తెగిన చాలును.

కాబట్టి ఆయన బలవంతుడా యని యడిగిన, అవునని నిస్సంశయముగా చెప్పుదును. ఆయన ప్రపంచమల్లులలో నజేయుడా యని యడిగిన, ఆ మాట నేను పలికియుండరాదు. అజేయత్వము డేరాలో తేలదు. ఎదుటివాడు ఏనుగు కాడు, గొలుసు కాడు; వానికిని బుద్ధియున్నది, వాడును గెలువగోరును. ఏనుగు మావటి చెప్పినచోటనే యడుగు పెట్టును. ప్రతిమల్లుడు మీరు కోరనిచోటనే పట్టు పట్టును.

ఇందుకు గామా పహిల్వాను సాక్షి. 1910లో ఆయన లండను నగరమునకు పోయి, అమెరికాదేశపు రోలరును పడవేసి, పోలండు మల్లుడైన జిబిస్కోతో తలపడెను. జిబిస్కో రెండున్నర గంటలసేపు నేలకు బల్లివలె కరచుకొనెనే గాని ఓడలేదు. వారము దినములకు మరల కలియవలసియుండగా ఆ పెద్దమనిషి రానేలేదు. 1928లో పాటియాలాలో వారిరువురు తిరిగి తలపడినపుడు గామా ఒక్క నిమిషములోపలనే వానిని వెల్లకిల వేసెను. ఇది పోరాటపు కీర్తి. తేదీ యున్నది, ఎదుటివాని పేరున్నది, గెలుపు రాని దినము గూడ లెక్కలో నున్నది.

బ్రూస్ లీని గూర్చి పదవ తరగతివా రడిగినదానికి ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఆయన హాంగ్‌కాంగులో ఇప్ మాన్ అను గురువువద్ద వింగ్ చున్ విద్య నభ్యసించెను. 1958లో అచ్చటి పాఠశాలల ముష్టియుద్ధపు పోటీలో గెలిచెను. 1964లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచి నగరమున అంగుళము దూరమునుండి గ్రుద్ది మనుష్యుని వెనుకకు పడద్రోసి చూపెను. అది ప్రదర్శనము, రామమూర్తిగారి గొలుసు వంటిది. అదేకాలమున ఓక్లండులో వాంగ్ జాక్ మాన్ అనువానితో మూసిన తలుపులవెనుక నొక పోరు జరిగినది. మూడు నిమిషములలో ముగిసి తన భర్త గెలిచెనని భార్య చెప్పినది. ఇరువది నిమిషములు సాగెననియు, ఎవరును ఓడలేదనియు ఎదుటివాడు చెప్పెను. 1973 జూలైలో తన 32వ యేట మరణించువరకు ఆయన వృత్తిపోటీల బరిలో దిగలేదు. అందుచేత ఆయన వేగము, సాధన, విద్యను గూర్చిన యాలోచన మెచ్చదగినవి. ఓడింపరానివాడను మాట మాత్రము సినిమాలిచ్చినది. నా చిన్నతనమున అద్దె వీడియో క్యాసెట్టులలో ఆయనను చూచి పెరటిలో కాలెగురవేసి నేనును పడితిని గనుక, ఈ తీర్పు శత్రుత్వముతో చెప్పినది కాదని బాలురు నమ్మవలెను. (నేటి తెలుగు కథానాయకులు ఒక్క తాపునకు పదిమందిని గాలిలోనికి లేపుదురు. అచ్చట పనిచేయునది నడుమునకు కట్టిన తీగ.)

ఇక రామమూర్తిగారి కీర్తికి ఇన్ని తోకలెట్లు తగిలినవి? కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. మన దేశీయులలో బంగాళీలు దుర్బలశరీరులని 1841లోనే మెకాలే దొరగారు వ్రాసిపెట్టిరి. ఆ మాట నెల్ల భారతీయులకు అంటగట్టుటకు పాలకులకు కాలము పట్టలేదు. 1904, 1905 సంవత్సరములలో యూజిన్ శాండో ఈ దేశమునకు వచ్చి తన కండలు చూపిపోయెను. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్టణము, విజయనగరముల మీదుగా ఉపన్యసించుచు సాగిరి. అట్టి దినములలో మన జిల్లా డ్రిల్లు మాస్టరొకడు ఱొమ్ముపై ఏనుగును నిలిపినాడనిన, జనులకది సర్కసు టిక్కెట్టు కాదు. తాము దుర్బలులము కామనుటకు ఋజువు. తలయెత్తుకొనుటకు వారికి భీముడు కావలసివచ్చెను. ఒక్కొక్క యూరివా రొక్కొక్క కథ చేర్చిరి. స్పెయిను యెద్దు అట్టి కథలలోనిదని నా యభిప్రాయము. దానిని నేనిక వేదికపై చెప్పను. చేర్చినవారిని నేను నిందింపను. వారు అవమానమును మోసినవారు. నేను మోసినదేమి? చప్పట్లకొరకు చేర్చితిని.

కథలు చేర్చుటవలన నొక నష్టమున్నది, అది మా బాలుని ప్రక్కటెముకలలో కనబడినది. రామమూర్తిగారిని వజ్రకాయునిగా చెప్పినచో, ఏ సాధన లేకయే ధైర్యముచేత రాయి పగులునని పిల్లవాడు తలచును. ఆయన వజ్రకాయుడు కాడు. తుదికాలమున కాలికి పుండు పుట్టి, శస్త్రచికిత్సచేత ఆ కాలు తీసివేయవలసివచ్చెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. కారులను నిలిపినవాడు పుండును నిలుపలేకపోయెను. నా ప్రసంగమున ఈ సంగతిని విడిచితిని, అది కథకు అందము కాదని. ఇప్పు డాలోచించిన, ఆయనను నాకు మిక్కిలి దగ్గర చేసినది ఆ సంగతియే.

బాలునికి యెముకలు అతుకుకొన్నవి; నెలదినములుగా బడికి వచ్చుచున్నాడు. మొన్న ప్రయోగశాలలో వానిచేతనే సమ్మెట, బండ, పలకల లెక్క నల్లబల్లపై చేయించితిని. పలక లెక్క వచ్చుసరికి సుద్ద పట్టుకొని కొంతసేపు నిలిచి, నావంక తిరిగి చిరునవ్వు నవ్వెను. తరగతి ముగిసిన పిమ్మట తలుపువద్ద ఆగి, “మాస్టారూ, ఆయన రోజునకు ఎన్ని దండీలు తీయుచుండిరి?” అని యడిగెను. ఆయన లెక్క నీకేల, వైద్యుడు సెలవిచ్చిన పిమ్మట 5తో ఆరంభింపుము, నేనును తీయుదును అంటిని.