మొప్ప చూసి చేప, పెట్టె చదివి హెడ్‌ఫోను

సంక్రాంతి వెళ్ళిన వారం అమలాపురం నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా! అమ్మ టీవీ సౌండు మరీ పెంచేస్తోందిటగా. పిల్లాడికి ఇంటరు పరీక్షలు దగ్గరపడ్డాయి. చెవులు పూర్తిగా కప్పేసే వైర్‌లెస్ హెడ్‌ఫోను ఒకటి కొనిచ్చెయ్యి. మీ యానాంలో అన్నీ చవకేగా!" అంది.

యానాం అంటే ఇప్పటికీ బయటివాళ్ళకి అదే లెక్క. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడి కదా! విదేశీ సరుకు కోసం ఇక్కడి మంగళవారం సంతకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చేవట. తర్వాత కూడా పన్ను తేడా వల్ల కొన్ని సరుకులు కాస్త తక్కువకే దొరికేవి. కానీ 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక హెడ్‌ఫోను మీద పన్ను యానాంలోనూ, అమలాపురంలోనూ ఒక్కటే. ఇప్పుడది 18 శాతం. ఎదుర్లంక వారధి దాటి వచ్చినంత మాత్రాన మిగిలేదేమీ లేదు. డబ్బు మిగలాలంటే అట్టపెట్టె మీద రాసింది చదవడం రావాలి.

నాకది రాలేదు. అందుకే ఈ వారం వంటల సంగతి పక్కనపెట్టి, నేను తిన్న దెబ్బ చెబుతున్నాను. మీరు తినకండి!

కొట్లో పెట్టె మీద అన్నీ పెద్ద పెద్ద అంకెలే. 60 గంటల బ్యాటరీ, 40 ఎం.ఎం. డ్రైవరు, బ్లూటూత్ 5.3, ఇంకా ఏవేవో. రెండువేల చిల్లర పోసి తెచ్చాను. అత్తయ్యగారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నా నోరు ఎలాగూ మూయించలేరు. చెవులు మూస్తున్నారన్నమాట" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు చురుక్కుమంది.

అంతటితో అయిందా? మా టీవీలో ఉన్న బ్లూటూతు రిమోటు కోసమేనట, శబ్దం బయటికి పంపదట! దానికో చిన్న డబ్బా వేరే కొన్నాం. తీరా పెడితే, సీరియల్లో అత్తగారు ముందు నోరు తెరుస్తుంది, తిట్టు ఆనక వినిపిస్తుంది. "బొమ్మ దారి బొమ్మది, మాట దారి మాటది" అని ఆవిడ తీసి అవతల పెట్టేశారు.

గోదారి వాళ్ళం మనం. పులస అని చెప్పి విలస అంటగట్టబోతే ఊరుకుంటామా? మొప్ప ఎత్తి చూడందే చేప బేరం ఆడతామా? పెట్టె మీద అంకెలకీ ఆ చూపే కావాలి. ప్రతి అంకె దగ్గరా ఆగి, "ఇది మా ఇంట్లో ఏ అవసరానికి?" అని అడగాలి. ఎలాగో చూడండి.

డ్రైవరు: హెడ్‌ఫోను లోపల ఉండే చిన్న స్పీకరే డ్రైవరు. 40 ఎం.ఎం. అన్నది దాని వెడల్పు. గిన్నె పెద్దదైతే పులుసు రుచి వచ్చేస్తుందా? ఇదీ అంతే. విని కొనాలి గానీ కొలిచి కొనకూడదు.

హెర్ట్జ్: మనిషి చెవి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. పెట్టె మీద 40,000 అని ఉంటే దానికోసం ఎక్కువ డబ్బు పొయ్యక్కర్లేదు. పైగా వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది పైస్థాయి శబ్దాలే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బ్లూటూత్ 5.3: ఇది పాట తీపికి కొలత కాదు, ఫోనుకీ హెడ్‌ఫోనుకీ మధ్య ఉండే వైరులేని దారి ఎంత కొత్తదో చెప్పే అంకె. ఆ దారీ, మన మైక్రోవేవ్ ఓవెనూ ఇంచుమించు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే నడుస్తాయి. ఓవెన్ తిరుగుతున్నప్పుడు పాట తెగుతుంటే హెడ్‌ఫోను పాడైందని కంగారు పడకండి. నాలుగడుగులు ఇవతలికి వచ్చి చూడండి.

కోడెక్: బొమ్మొకటి మాటొకటి అయ్యే తంటా ఎక్కువగా ఇక్కడే. శబ్దాన్ని మూటకట్టి పంపి, అవతల విప్పే పద్ధతి ఇది. ఎస్‌బీసీ అన్నిట్లోనూ ఉంటుంది. ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డాక్ అన్నవి వేరే రకాలు. కట్టేవాడికీ విప్పేవాడికీ ఇద్దరికీ ఆ పద్ధతి తెలిసి ఉండాలి. హెడ్‌ఫోనులో ఉండి టీవీలో లేకపోతే దండగే! మామూలు పద్ధతిలో సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం మామూలే. పాటకి ఫరవాలేదు గానీ సీరియల్‌కి పనికిరాదు. టీవీ కోసమైతే "లో లేటెన్సీ" అన్న మాట వెతకండి, అదీ రెండు వైపులా ఉండాలి.

ఏఎన్‌సీ, ఈఎన్‌సీ: ఒక్క అక్షరమే తేడా! ఏఎన్‌సీ ఉంటే మన చెవికి చేరే బయటి రొద తగ్గుతుంది. చిన్న మైకు ఆ రొదని విని, దానికి ఎదురు తరంగం పుట్టించి చల్లారుస్తుంది. ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజను లాంటి ఆగని హోరు మీద బాగా పనిచేస్తుంది. ఈఎన్‌సీ మాత్రం ఫోనులో అవతలివాళ్ళకి మన వెనకాల గోల వినపడకుండా చేసేది. మన చెవికి దానితో ఒరిగేదేమీ లేదు. ఏదున్నా సరే, చెవులు కప్పేసే హెడ్‌ఫోను పెట్టుకుని స్టవ్వు దగ్గర నిలబడకండి. కుక్కరు కూతా, వీధి తలుపూ వినపడాలి కదా!

60 గంటలు: కింద చిన్న అక్షరాలు చదవండి. చాలాసార్లు అది సగం సౌండులో, ఏఎన్‌సీ ఆపేసినప్పటి లెక్క.

బరువు: అందరూ వదిలేసే అంకె ఇదే! పెద్దవాళ్ళకి పావుకిలో కూడా గంటసేపటికి మెడ మీద భారమే. కొట్లోనే పది నిమిషాలు పెట్టుకుని చూడమనండి.

ఇక పిల్లల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ సౌండుని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 90కి పెంచితే 4 గంటలే! పది పెరిగితే చెవి మీద పడే శక్తి పదింతలు మరి. పిల్లలకైతే 40 గంటలకి 75 డెసిబెల్సే హద్దు. చాలా ఫోన్లలో సౌండుకి హద్దు పెట్టే సెట్టింగు ఉంటుంది, పెట్టెయ్యండి.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. వయసుతో ముందుగా తగ్గేది పైస్థాయి శబ్దాలన్నాను కదా! మాటల్లో స, శ, త లాంటి హల్లులు స్పష్టంగా తెలిసేది వాటివల్లే. అవి తగ్గితే గొంతు వినపడుతుంది గానీ మాట అర్థం కాదు. ఇది చదవగానే గుండె ఝల్లుమంది. రెండేళ్ళుగా అత్తయ్యగారు "వినపడుతోందమ్మా, ఏమంటున్నారో తెలీడంలేదు" అంటూనే ఉన్నారు. మేం విసుక్కుంటూనే ఉన్నాం. నలుగురం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆవిడ లేచి టీవీ ముందుకి వెళ్ళిపోయేది అందుకే! ఆ మనిషికి చెవులు మూసే వస్తువు కొనిచ్చాను నేను.

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అరగంట పరీక్ష. రెండు చెవులూ తగ్గాయి, వినికిడి యంత్రం పెట్టాలన్నారు. హెడ్‌ఫోను దానికి బదులు కాదని కూడా చెప్పారు. మొదట్లో చిరాకుపడ్డా, నెల తిరిగేసరికి అలవాటైంది. టీవీ మీద సౌండు అంకె 42 నుంచి 20కి దిగింది. మొన్న అమలాపురం ఫోను తనే తీసి, "నెమ్మదిగా మాట్లాడవే, నాకేమన్నా చెవుడా?" అని కూతుర్ని కసిరారు!

హెడ్‌ఫోను మా పిల్లాడి పాలబడింది. సౌండుకి హద్దు పెట్టే ఇచ్చాను లెండి.

కొనేముందు ఈ నాలుగూ మరవకండి:

• టీవీ కోసమైతే, ఆ టీవీ బ్లూటూతులో శబ్దం బయటికి పంపుతుందో లేదో ముందు చూసుకోండి.

• పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తెలుస్తుంది.

• బిల్లు, గ్యారంటీ కాగితం దాచుకోండి. కొట్టువాడు మాట తప్పితే 1915కి ఫోను చెయ్యండి, అది వినియోగదారుల సహాయం నంబరు.

• ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ సౌండు పెంచుతుంటే కొట్టుకి పరుగెత్తకండి. ముందు చెవి పరీక్ష చేయించండి.